నిండునిద్ర

"ఎగరండి" అంది సుభాషిణి.

రూబెన్ రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, మోకాళ్లు వంచి, నేలలో బిగించిన ఇనప పలక మీద నుంచి నిటారుగా ఎగిరి మళ్లీ దాని మీదే దిగాడు. పాదాలు ఎంత బలంగా తన్నాయో ఆ పలక కొలుస్తుంది. మ్యాచ్ మొత్తం ఆడినవాడు మర్నాడు పొద్దున ఎగిరితే తెర మీద గీత బాగా కిందికి పడిపోవాలి. మళ్లీ మామూలుకు రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ముప్పై దాటిన ఆటగాడికైతే ఇంకా ఎక్కువే. రూబెన్ ముప్పై దాటినవాడు. నిన్న మ్యాచ్‌లో చివరి విజిల్ దాకా పరిగెత్తినవాడు.

తెర మీద గీత మ్యాచ్‌కు ముందు ఎక్కడుందో అక్కడే నిలబడింది.

ల్యాబు అద్దం అవతల నిలబడ్డ టీమ్ డైరెక్టర్ దివాకర్ చప్పట్లు కొట్టాడు. రూబెన్ తన కాళ్ల వైపు తానే వింతగా చూసుకుని, "ఏం జేసిన్రు మేడమ్, కొత్త కాళ్లు పెట్టినట్టున్నది" అని నవ్వాడు. సుభాషిణి ఆ గీతను ఇంకోసారి సరిచూసి రాసుకుంది.

మూసీ రోవర్స్ ఫుట్‌బాల్ క్లబ్బులో ఆమె ఉద్యోగం ఆటగాళ్ల అలసటను కనిపెట్టి చూడటం. ఎవరు ఎంత పరిగెత్తారు, ఎవరి గుండె ఎంత వేగంగా కొట్టుకుంది, ఎవరికి నిద్ర చాల్లేదు, ఎవరి తొడ కండరం తెగేలా ఉంది - ఇవన్నీ చూసి, "ఇవాళ ఇతన్ని ఆడించకండి" అని కోచ్‌కు చెప్పాలి. జాతీయ లీగ్, ఆసియా కప్పు రెండూ కలిసి రావడంతో మూడు రోజులకొక మ్యాచ్ పడేది. నడుమ విమానాలు. కిందటి సీజన్‌లో సగం జట్టు కట్లు కట్టుకుని బెంచీ మీద కూర్చుంది. సుభాషిణి వద్దని చెప్పినవాళ్లే ఎక్కువ మంది. ఆమె వద్దంటే కోచ్ విసుక్కునేవాడు, దివాకర్ విసుక్కునేవాడు, ఆఖరికి ఆటగాళ్లూ విసుక్కునేవారు. వద్దు అని చెప్పీ చెప్పీ అలసిపోయిన మనిషికి వచ్చిన ఆలోచన నిండునిద్ర.

మనిషి గాఢంగా నిద్రపోయినప్పుడే కండరం అతుక్కుంటుంది, మెదడులో పేరుకున్న మలినం కడుక్కుపోతుంది. కాని ఆ గాఢనిద్ర రాత్రి మొత్తంలో కాసేపే. మిగతాదంతా పలచటి నిద్ర, కలల నిద్ర. సుభాషిణి తయారుచేసిన టోపీ తలకు పెట్టుకుని చల్లటి పరుపు మీద పడుకుంటే, చిన్న చిన్న విద్యుత్ తరంగాలు మెదడును కలల్లోకి జారనివ్వకుండా రాత్రంతా గాఢనిద్రలోనే పట్టి ఉంచుతాయి. మూడు రోజుల మరమ్మతు ఒక్క రాత్రిలో అయిపోతుంది. మ్యాచ్ అయిన రాత్రి ఒకసారి, మ్యాచ్‌కు ముందు రాత్రి ఇంకోసారి.

మొదట ఎవరు పడుకుంటారని అడిగినప్పుడు గదిలో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చెయ్యి ఎత్తింది రూబెన్ ఒక్కడే.

దానికి కారణం అతని కుడి మోకాలు.

*

రూబెన్ తండ్రి జకరయ్య లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసేవాడు. సాయంత్రం డ్యూటీ దిగగానే మెడలో విజిల్ వేసుకుని రైల్వే గ్రౌండుకు పోయేవాడు. క్వార్టర్స్ పిల్లలందరికీ ఫుట్‌బాల్ నేర్పింది ఆయనే. వాళ్లందరిలో కొడుకు మెరిక. ఆ మెరికను చూసుకుని ఆయనకు కళ్లు నెత్తికెక్కాయి.

రూబెన్‌కు పదిహేడేళ్లప్పుడు వేసవి టోర్నమెంటులో పొద్దున ఒక మ్యాచ్, సాయంత్రం ఒక మ్యాచ్ పడ్డాయి. సెమీఫైనల్ గెలిచి వచ్చి చెట్టు నీడన కూలబడ్డ కొడుకు, "డాడీ, కాళ్లు గుంజుతున్నయ్. సాయంత్రం వద్దు" అన్నాడు.

"గ్రౌండుల దిగినోనికి అలసటేందిరా" అన్నాడు జకరయ్య.

సాయంత్రం రెండో సగంలో బంతి కోసం తిరిగిన రూబెన్ తిరిగినవాడు తిరిగినట్టే కూలాడు. మోకాలి లిగమెంటు తెగింది. ఆ నెలలోనే జాతీయ యువజట్టు క్యాంపుకు పోవలసినవాడు, ఆపరేషన్ చేయించుకుని మంచం మీద పడుకుని, తన స్థానంలో వేరేవాడు వెళ్లాడన్న వార్త విన్నాడు. మళ్లీ బూట్లు తొడగడానికి రెండేళ్లు పట్టింది. అప్పట్నుంచి అలసిన కాళ్లతో మైదానంలో దిగడమంటే అతనికి భయం.

జకరయ్య ఒక్కసారి కూడా తప్పయిందని అనలేదు. రూబెన్ అడగలేదు. తల్లి ఉన్నన్నాళ్లూ ఆమె ద్వారా మాటలు నడిచాయి. ఆమె పోయాక 'తిన్నవా', 'తిన్న', 'పానం మంచిగున్నదా', 'మంచిగనే ఉన్నది' - ఇంతే. రూబెన్ పెద్ద క్లబ్బుకు ఆడాడు, పెళ్లి చేసుకున్నాడు, సైనిక్‌పురిలో ఫ్లాటు తీసుకున్నాడు. తండ్రి లాలాగూడలోనే ఉండిపోయాడు.

*

నిండునిద్ర మొదలుపెట్టాక రూబెన్ ఆట చూసి జనం నోరు వెళ్లబెట్టారు. ఆఖరి నిమిషాల్లో అందరూ కాళ్లీడుస్తుంటే అతనొక్కడు అప్పుడే దిగినట్టు పరిగెత్తేవాడు. నెల తిరిగేసరికి ఇంకో ఆరుగురు ఆ పరుపుల మీద పడుకున్నారు. తొడ కండరాలు తెగడం ఆగిపోయింది. సుభాషిణి జాగ్రత్తగానే ఉంది. కలల నిద్ర లేకపోతే మెదడుకేమైనా అవుతుందేమోనని వారం వారం పరీక్షలు పెట్టేది. అంకెల వరుసలు చెప్పించేది, మాటల జాబితాలు అప్పగించమనేది, బొమ్మలు చూపించి మర్నాడు అడిగేది. అందరికీ నూటికి నూరు.

తేడా ముందుగా కనిపెట్టింది రూబెన్ భార్య హెప్సిబా. కాని ఆమె దానికి వేరే పేరు పెట్టుకుంది.

ఆమెకు నెల తప్పింది. రిపోర్టు తీసుకుని ఇంటికి వచ్చి చూపిస్తే రూబెన్ సోఫాలోంచి లేచి, ఆమెను పట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఆ తర్వాత ఇల్లంతా తిరిగి, పాప మంచం ఎక్కడ వెయ్యాలో చూపించాడు. పాపైతే పోయిన తన తల్లి పేరే పెడదామన్నాడు. సాయంత్రం క్లబ్బుకు వెళ్లి టోపీ పెట్టుకుని పడుకుని, పొద్దున తిరిగి వచ్చాడు. బల్ల మీద ఉన్న రిపోర్టు చూసి, "డాక్టర్ మళ్ల ఎప్పుడు రమ్మన్నది?" అన్నాడు.

"పాప మంచం కిటికీ పక్కనే వేద్దామా మరి?" అంది హెప్సిబా.

"ఏ మంచం?" అన్నాడతను. ఆమె ముఖం చూసి, "నీ ఇష్టం హెప్సీ, యాడేసినా మంచిదే" అని సర్ది, స్నానానికి వెళ్లిపోయాడు.

పేరున్న ఆటగాళ్లు ఇంతేనేమో, ఒంటితోపాటు మనసునూ పొదుపుగా వాడతారేమో అనుకుందామె. అది అడిగితే గొడవవుతుంది. మ్యాచ్‌ల నడుమ గొడవ వద్దు. అడగలేదు.

*

కోడలికి నెల తప్పిందని తెలిసి జకరయ్య ఒక మధ్యాహ్నం ఆటోలో వచ్చాడు. చేతిలో రాంనగర్ మార్కెట్ నుంచి తెచ్చిన కొర్రమీను. మర్నాడు మ్యాచ్ ఉంది. పొద్దున తేలికపాటి ప్రాక్టీసు ముగించుకుని వచ్చిన రూబెన్ ఇంట్లోనే ఉన్నాడు.

"తిన్నవారా?"

"ఇంకా లేదు."

మామూలుగా అక్కడితో ఆగిపోవాలి. కాని ఆ రోజు జకరయ్య కూర్చోలేదు. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, "నీతోని ఒక మాట మాట్లాడాలె. పైకి పోదామా?" అన్నాడు. రూబెన్ ఆశ్చర్యపోయి తండ్రి వెంట మేడ మీదికి వెళ్లాడు.

హెప్సిబా పులుసు పొయ్యి మీద పెట్టింది. కాసేపటికి పైనుంచి రూబెన్ గొంతు పెద్దగా వినిపించింది. మాట తెలియలేదు, అరుపు మాత్రమే. పెళ్లయిన దగ్గర్నుంచి అతను అలా అరవడం ఆమె వినలేదు. పొయ్యి కట్టేసి మెట్లెక్కింది. మేడ తలుపు ఓరగా వేసి ఉంది. ఆ సందులోంచి చూసింది.

రూబెన్ నీళ్ల ట్యాంకు గట్టు మీద కూర్చున్నాడు. జకరయ్య కింద, సిమెంటు నేల మీద కూర్చుని, కొడుకు కుడి మోకాలిని రెండు చేతులతోనూ పట్టుకుని ఉన్నాడు. ఏదో అంటున్నాడు. గాలికి ఒక్క ముక్క కూడా ఇటు రాలేదు. రూబెన్ వంగి తండ్రి భుజం మీద తల ఆనించాడు. అతని వీపు ఎగిరెగిరి పడుతోంది.

హెప్సిబా చప్పుడు కాకుండా కిందికి దిగి వచ్చి, మళ్లీ పొయ్యి వెలిగించి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. చాలాసేపటికి పైనుంచి నవ్వులు వినిపించాయి. ముందు తండ్రి నవ్వు, తర్వాత కొడుకుది, తర్వాత ఇద్దరిదీ కలిసి.

ముగ్గురూ కూర్చుని తిన్నారు. జకరయ్య ముల్లు తీసి తీసి చేప ముక్కలు కొడుకు పళ్లెంలో పెట్టాడు. "మామయ్యా, ఆయనేమన్న చిన్నపిల్లగాడా?" అంటే, "నీకు పుట్టబోయేటోని కోసం ఇప్పటిసంది అలవాటు జేసుకుంటున్న బిడ్డా" అన్నాడు. ఎప్పుడూ ఆటో ఎక్కించి పంపేసే రూబెన్ ఆ రోజు కారు తీసి తండ్రిని లాలాగూడలో దింపి, అక్కణ్నుంచే క్లబ్బుకు వెళ్లాడు.

సుభాషిణి అతని తలకు టోపీ బిగిస్తూ తెర చూసి ఆగింది. గుండె వేగం మామూలు కన్నా ఎక్కువగా ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఒంట్లో బాగా లేదా? ఇవాళ్టికి మానేద్దామా?"

"మంచిగున్న మేడమ్. ఇన్నేండ్లల్ల ఇంత మంచిగ ఎన్నడు లేను." అతను పరుపు మీద వాలుతూ నవ్వాడు. "మా డాడీ వచ్చిండు. మాట్లాడుకున్నం. గంత కథ ఉన్నది, రేపు జెప్త మీకు. రేపు మ్యాచ్ గద, పెట్టేయండి."

సుభాషిణి మీట నొక్కింది.

మర్నాడు అతను చెప్పలేదు. గెలుపు సందడిలో ఆమె అడగలేదు.

*

ఆ తర్వాత వారం, రాత్రికి టోపీ అవసరం లేని రోజున, జకరయ్య ప్రాక్టీసు మైదానానికి వచ్చాడు. గేటు దగ్గర నిలబడి కొడుకును చూసి చెయ్యి ఊపాడు. ఎన్నో ఏళ్లుగా ఎవరూ చూడని నవ్వు ఆయన ముఖం మీద ఉంది. రూబెన్ తువ్వాలుతో చెమట తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏంది డాడీ, ఇట్లొచ్చినవ్? ఏమన్న పనుండెనా?"

"పనేముంటది. నిన్ను చూసిపోదామని." జకరయ్య వంగి కొడుకు మోకాలి మీద చెయ్యి వేశాడు. "నొప్పేమన్న అనిపిస్తున్నదారా?"

రూబెన్ కాలు వెనక్కు లాక్కున్నాడు. "ఇప్పుడడుగుతున్నవా? అడగాల్సిన నాడు అడగకపోతివి."

జకరయ్య చెయ్యి గాలిలో ఉండిపోయింది. "అదేంది బిడ్డా... మొన్ననే గద మనం..."

"మొన్నేంది?"

తండ్రి కొడుకు కళ్లలోకి చూశాడు. వెక్కిరింపు కోసం వెతికాడేమో, కోపం కోసం వెతికాడేమో. అక్కడ ఆ రెండూ లేవు. మొన్నటి రోజే లేదు.

"ఏం లేదులే. పో, చెమటలున్నవ్, నీళ్లు తాగు" అని ఆయన వెనక్కు తిరిగాడు.

ఇంటికి పోయి హెప్సిబాకు ఫోన్ చేశాడు. "మాట వరుసకు నన్ను మన్నించిండు గని బిడ్డా, వాని మనసొప్పినట్టు లేదు. అన్నేండ్ల కడుపుమంట ఒక్క పొద్దుల సల్లారుతదా? నాదే తొందర."

"ఆయననే అడుగుత మామయ్యా, ఎందుకట్ల అన్నడో."

"వద్దు వద్దు. సెమీఫైనల్ ముంగట వాని మనసు ఖరాబు జెయ్యకు. నాకేం తొందరున్నది? మళ్ల పోత, మళ్ల అడుగుత. వాడు ఎన్నిసార్లు కసిరితే అన్నిసార్లు అడుగుత."

ఆయనకు మళ్లీ అడిగే అవకాశం రాలేదు. రూబెన్ ఆసియా కప్పు సెమీఫైనల్ కోసం మస్కట్‌లో ఉండగా, ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్లు దిగుతూ జకరయ్య గుండె పట్టుకుని కూర్చుండిపోయాడు. ఆస్పత్రికి చేరేలోగానే అయిపోయింది.

*

సమాధి చేసి వచ్చారు. వచ్చినవాళ్లంతా ప్రార్థన చేసి వెళ్లిపోయారు. లాలాగూడ ఇంట్లో తండ్రి మంచం మీద కూర్చుని రూబెన్ గోడ వైపు చూస్తున్నాడు. అతను ఏడవలేదు.

హెప్సిబా పక్కన కూర్చుని అతని చెయ్యి పట్టుకుంది. "పోనీ, ఆ రోజు మేడ మీద మీరిద్దరు మనసు విప్పి మాట్లాడుకున్నరు. దేవుడు ఆ ఒక్కటన్న ఇచ్చిండు."

"ఏ రోజు?"

"మామయ్య కొర్రమీను తెచ్చిన రోజు."

రూబెన్ నుదురు చిట్లించాడు. "చాప తెచ్చిండు. పులుసు తిన్నం. కార్ల దింపిన. మెట్టుగూడ కాడ ట్రాఫిక్ జామ్ అయింది."

"మేడ మీద?"

"మేడ మీదికి ఎవరు పోయిన్రు?"

హెప్సిబా అతని వైపు తిరిగి కూర్చుంది. తలుపు సందులోంచి చూసింది చూసినట్టు చెప్పింది. ట్యాంకు గట్టు, మోకాలి మీద రెండు చేతులు, భుజం మీద తల, నవ్వులు. రూబెన్ వింటూ ఉన్నాడు. వింటూ వింటూ, గేటు దగ్గర తండ్రి చెయ్యి గాలిలో ఉండిపోవడం గుర్తొచ్చి, మంచం మీద నుంచి నేల మీదికి జారి, తలను గోడకేసి కొట్టుకోబోయాడు. ఆమె అడ్డం పడి అతని తలను ఒడిలోకి లాక్కుంది.

"మొన్ననే గద అన్నడు హెప్సీ. మొన్ననే గద అన్నడు నాతోని. నేను మొన్నేంది అన్న."

*

ఇద్దరూ ల్యాబుకు వచ్చి చెబుతున్నంత సేపూ సుభాషిణి నిలబడే ఉంది. 'రేపు జెప్త మీకు' అన్న మాట ఆమె చెవిలో తిరుగుతోంది.

ఆ రోజే నిండునిద్ర తీసుకుంటున్న మిగతా ఆరుగురినీ ఒక్కొక్కరిగా కూర్చోబెట్టింది. ఈసారి అంకెలు అడగలేదు. మాటల జాబితాలు అడగలేదు. ముందు ఇంట్లోవాళ్లతో ఫోన్‌లో మాట్లాడి, ఈ మధ్య ఈ మనిషి బాగా సంతోషపడ్డది ఎప్పుడు, ఏడ్చింది ఎప్పుడు అని కనుక్కుంది. తర్వాత అవే సంగతులు వాళ్లను అడిగింది. గోల్‌కీపర్‌కు బిడ్డ పుట్టిన తారీఖు తెలుసు, బరువు తెలుసు, ఆ బిడ్డను మొదటిసారి చేతుల్లోకి తీసుకున్నది తెలియదు. మిజోరం నుంచి వచ్చిన స్ట్రైకర్ ఐదు నిమిషాలు ఆలోచించి, "నాకు ఈ సంవత్సరం సంతోషం కలిగినట్టు లేదు మేడమ్" అన్నాడు. అతను ఆ సీజన్‌లో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టినవాడు.

రూబెన్‌ను, హెప్సిబాను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది.

"పగలు జరిగిందంతా మెదడు ఓ పక్కన కుప్పగా పెట్టుకుంటుంది. రాత్రి నిద్రలో తీసి సర్దుతుంది. మామూలు విషయాలు గాఢనిద్రలో సర్దుకుంటాయి. కాని మనసును కదిపినవి అలా సర్దుకోవు. వాటికి కలల నిద్ర కావాలి. నేను కలల నిద్రను తీసేశాను. తెల్లారేలోగా కుప్ప కడుక్కుపోయేది. నేను పెట్టిన పరీక్షల్లో అన్నీ మామూలు విషయాలే. మనసును కదిపేది ఒక్కటి కూడా లేదు. అందుకే అందరికీ నూటికి నూరు."

"యాడనో అడుగున ఉంటది గద మేడమ్?" అన్నాడు రూబెన్. "మీరు పెద్ద చదువు చదివిన్రు. టోపీ పెట్టి తీసేసిన్రు గద, ఇంకో టోపీ పెట్టి తీసుకరారా? ఎన్ని దినాలన్న పండుకుంట. ఆట ఇడిచిపెడత."

సుభాషిణి అబద్ధం చెప్పలేకపోయింది. "దాచి పెట్టినదైతే వెతికి తీయొచ్చు రూబెన్. అది అసలు దాచనే లేదు. లేదు."

అతను తల ఊపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు.

దివాకర్ మాత్రం తల ఊపలేదు. "ఫైనల్ ఒక్కటే మిగిలింది డాక్టర్. అది కానివ్వండి, తర్వాత కమిటీ వేద్దాం. ఇంతమంది ఆటగాళ్లున్నారు, మాకు బాధగా ఉందని ఒక్కడైనా వచ్చి చెప్పాడా?"

"ఎలా చెప్తారు సార్? దేని గురించి బాధపడాలో గుర్తుండాలి కదా."

ఆమె ఆ మధ్యాహ్నమే పరుపుల కరెంటు తీసేసింది. టోపీలన్నీ పెట్టెలో పెట్టి, తాను కనుక్కున్నదంతా రాసి, లీగ్ వైద్య సంఘానికి అప్పజెప్పి వచ్చింది. ఉద్యోగం అక్కడితో పోయింది.

ఫైనల్ ఆడకుండా ఉండమని హెప్సిబా బతిమాలింది. రూబెన్ ఆడతానన్నాడు. నిండునిద్ర లేని కాళ్లు రెండో సగానికే బరువెక్కాయి. బంతి పక్కనుంచి పోతుంటే చూస్తూ నిలబడ్డాడు. బదులు ఆటగాణ్ని దింపమని తనే కోచ్ వైపు చెయ్యెత్తాడు. మూసీ రోవర్స్ ఓడిపోయింది. మర్నాడు పొద్దున లేచి వంటింట్లోకి వచ్చి, "ఓడిపోయినం గద హెప్సీ" అని అతను కళ్లు తుడుచుకుంటూ అంటే, ఆమెకు అంత దుఃఖంలోనూ గుండె కుదుటపడింది. రాత్రి గడిచినా బాధ అతని దగ్గరే ఉంది.

లీగ్ నిండునిద్రను నిషేధించింది. ఆ పరుపులు వేరే దేశంలో వేరే పేరుతో అమ్ముడవుతున్నాయని తర్వాత తెలిసి, సుభాషిణి అక్కడి సంఘాలకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది. కొందరు జవాబిచ్చారు.

*

ఇంట్లో మాత్రం రూబెన్‌ది ఒకటే మాట. "ఇంకోసారి జెప్పు."

హెప్సిబా చెప్పేది. కూర గిన్నె కడుగుతూ చెప్పేది, బట్టలారేస్తూ చెప్పేది, బిడ్డకు పాలిస్తూ చెప్పేది. డాడీ ఏ చొక్కా ఏసుకున్నడు? నేను ముందు నవ్విన్నా, ఆయన ముందు నవ్విండా? నేను అరిసినప్పుడు డాడీ ఏమన్న అన్నడా? అని అతను తవ్వి తవ్వి అడిగేవాడు. తలుపు సందులోంచి తాను చూసింది పట్టుమని పది క్షణాలు కూడా కాదు. దాన్నే తిప్పి తిప్పి చెప్పింది. మాటలు వినపడలేదని ప్రతిసారీ చెప్పింది. ప్రతిసారీ అతను మళ్లీ అడిగేవాడు. ఒక్కోసారి ఒంటరిగా మేడ మీదికి వెళ్లి ట్యాంకు గట్టు మీద కూర్చునేవాడు. ఆమె వెళ్లి పిలిచేది కాదు.

కొన్నాళ్లకు అతను అడగడం మానేశాడు. దాంతో ఆమెకు ఇంకా భయమేసింది.

జకరయ్య పోయి ఏడాది తిరిగిన రోజున లాలాగూడ చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. ఆయన దగ్గర ఆట నేర్చుకున్నవాళ్లు, వాళ్ల పిల్లలు, వర్క్‌షాపులో ఆయనతో పనిచేసిన ముసలివాళ్లు వచ్చారు. సుభాషిణి కూడా వచ్చింది. వెనక కూర్చోబోతే హెప్సిబా పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఒళ్లో పిల్లవాడు నిద్రపోతున్నాడు.

పాట అయ్యాక పాస్టరు రూబెన్‌ను నాలుగు మాటలు చెప్పమన్నాడు. అతను లేచి వెళ్లి మైకు ముందు నిలబడ్డాడు.

"మా డాడీకి నాకు శాన ఏండ్లు మాటల్లేవు. మీకందరికి ఎరుకే. పోయేముందు ఒకనాడు మా ఇంటికొచ్చిండు. నన్ను మేడ మీదికి తీస్కపోయిండు. నేను గట్టు మీద కూసున్న, ఆయన కింద కూసున్నడు. నా ఈ మోకాలు పట్టుకున్నడు." అతను వంగి మోకాలిని తాకాడు. "పట్టుకుని ఏమన్నడంటే... 'ఆ పొద్దు నిన్ను ఆపాల్సింది బిడ్డా. నువ్వు అడిగినవ్. నేను ఇనలే. ప్రతి దినం ప్రార్థనల దేవునికి జెప్పిన గని, నీకు జెప్పనీకి నాకు నోరు రాలే' అన్నడు. నేను మస్తు కోపం జేసిన. అరిసిన. ఆయన మోకాలు ఇడవలే. అప్పుడు నేను... 'పోనీయ్ డాడీ' అన్న. 'అయిపాయె, పోనీయ్' అన్న."

చర్చిలో ఎవరో ముక్కు చీదారు. సుభాషిణి హెప్సిబా వైపు వంగింది.

"ఆయనకు గుర్తొచ్చిందా?" అని చెవిలో అడిగింది. రాదని ఆమె కన్నా బాగా తెలిసినవాళ్లు లేరు. అయినా అడిగింది.

"లేదు మేడమ్" అంది హెప్సిబా నెమ్మదిగా. "మోకాలు పట్టుకున్నది నేను జెప్పింది. మాటలు నేను జెప్పలే. నాకు ఇనబడలే."

మైకు ముందు రూబెన్ ఆగిపోయాడు. తర్వాత ఏం చెప్పాలో తోచక, చెప్పింది అంతేనా కాదా అని తెలియక, జనం మీదుగా భార్య కోసం వెతికాడు. ఆమె కనబడగానే కళ్లు అక్కడ నిలిపాడు. అంతే గదా హెప్సీ, గట్లనే అన్నడు గదా అని అడుగుతున్నట్టు చూశాడు.

హెప్సిబా పిల్లవాణ్ని భుజం మీదికి ఎత్తుకుని, అతనికి కనిపించేలా, అవునని తల ఊపింది.